కంప్యూటర్ ఒకటో ర్యాంకు ఇచ్చిన డిజైన్ నా ఎలుకల్లో ఎందుకు చతికిలబడింది?

యానిమల్‌హౌస్_అన్న:

నమస్తే. పన్నెండేళ్లుగా జీనోమ్ వ్యాలీలో ఒక వ్యాక్సిన్ కంపెనీలో పనిచేస్తున్నాను. కంపెనీ పేరు అడగొద్దు. వైరస్ పేరు కూడా చెప్పను, ఉద్యోగం ఉండాలి కదా. పొద్దున ఆరుంబావుకి ఉప్పల్‌లో కంపెనీ బస్సు ఎక్కుతాను, శామీర్‌పేట చెరువు కనిపించేదాకా నిద్రే. ఎలుకలకు సూది వేయడం, రక్తం తీయడం, సీరం వేరు చేసి, అందులో యాంటీబాడీలు ఎంతున్నాయో చూసే ఎలైజా పరీక్ష ప్లేట్ మీద పెట్టడం, ఇదీ నా పని. చదువు బీఎస్సీ దగ్గరే ఆగింది.

ఏడాది కిందట మా దగ్గరికి ఒక కొత్త టీమ్ వచ్చింది. నలుగురు పిల్లలు, పెద్ద పెద్ద స్క్రీన్లు, ఏసీ గది. వైరస్ మీద ఉండే ఒక ప్రోటీన్‌లో అక్కడో అమినో ఆమ్లం ఇక్కడో అమినో ఆమ్లం మార్చి 40 డిజైన్లు చేశారు. ఏది గట్టిగా నిలబడుతుందో కంప్యూటర్‌తో లెక్కకట్టి 1 నుంచి 40 దాకా ర్యాంకులు వేశారు. చేసి చూస్తే సరిపడా ప్రోటీన్ వచ్చినవి పదే. ఆ పది ట్యూబులు నా చేతికి వచ్చాయి.

గ్రూపుకు ఆరు బాల్బ్‌సీ (ల్యాబ్‌లో పెంచే ఒక రకం) ఎలుకలు. మొదటి డోసు, 21వ రోజున రెండో డోసు, 35వ రోజున బ్లీడ్, అంటే రక్తం తీయడం. ప్లేట్ చదివితే నాకే నవ్వొచ్చింది. ఒకటో ర్యాంకు డిజైన్ టైటర్, అంటే సీరంని ఎన్ని రెట్లు పలచన చేసేదాకా యాంటీబాడీ కనిపిస్తుందో ఆ లెక్క, 1:800 దగ్గర ఆగిపోయింది. 31వ ర్యాంకుది 1:51200! ఆరో ర్యాంకుది మధ్యలో ఎక్కడో ఉంది.

మీటింగ్‌లో ఏమన్నారో తెలుసా? "అన్నా, ప్లేట్ ఇంకోసారి పెట్టండి." రెండుసార్లు పెట్టాను. అదే ఫలితం. అంటే తప్పు నా పిపెట్‌దే అన్నట్టు చూశారు. పైగా వచ్చే ఏడాది నుంచి ఎలుకల సంఖ్య తగ్గిస్తారట, కంప్యూటర్ ముందే వడపోస్తుంది కాబట్టి. నాకు కోపం లేదు, నిజంగానే అర్థం కావాలి. ఆ స్కోరు అసలు దేన్ని కొలుస్తుంది? ఈ పద్ధతిలో జనం చేతికి చేరిన టీకా ఒక్కటైనా ఉందా, లేక అంతా పీపీటీలోనేనా? ఇంకో మాట, మా పాప ఇంటర్ బైపీసీ ఫస్టియర్. "డాడీ, నేనూ ఆ స్క్రీన్ల పనే చేస్తా" అంటోంది. ఏం చెప్పమంటారు?

రిటైర్డ్_క్యూసీ:

బాబూ, నువ్వు పిపెట్‌నే నమ్ముకో. ఈ ఊరికి టీకాల్లో పేరు తెచ్చినవి స్క్రీన్ మీద పుట్టలేదు. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ బి టీకా తెచ్చినప్పుడు మేమంతా ఈస్ట్‌ని పెంచడంలో, ప్రోటీన్‌ని శుద్ధి చేయడంలో తలలు బద్దలుకొట్టుకున్న తరం. పసిపిల్లల విరేచనాల టీకా రోటావాక్ ఎక్కడిది? ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసిపిల్లల్లో 1980లలో దొరికిన 116ఈ అనే వైరస్. పిల్లలకు జబ్బు చేయకుండా వాళ్లలో తిరిగింది. దాని జన్యువుల్లో ఒకటి పశువుల రోటా వైరస్‌ది. అలాంటి కలయిక ప్రకృతి చేసింది, ఏ సాఫ్ట్‌వేరూ చేయలేదు. లైసెన్స్ వచ్చేసరికి 2014. కోవాగ్జిన్ అయితే వైరస్‌ని మొత్తంగా పెంచి, చంపి, సూదిలో పెట్టడమే. పాత పద్ధతి. పనికొచ్చిందా లేదా?

ప్రోలీన్_పద్మ:

రిటైర్డ్ సార్, మీరు చెప్పినవన్నీ నిజం, కాదనను. నేనూ ఆరేళ్లు ప్యూరిఫికేషన్‌లో, ప్రోటీన్‌ని వడకట్టే కాలమ్‌ల దగ్గర నిలబడి, ఆ తర్వాత మోడలింగ్‌కి మారినదాన్నే. కోల్డ్ రూమ్‌లో స్వెటర్ వేసుకుని రాత్రి షిఫ్టులు చేశాను. కాబట్టి అన్న బాధా తెలుసు, ఆ నలుగురు పిల్లల బాధా తెలుసు.

అన్నా, ముందు ఆ పిల్లలు ఏం చేయబోయారో చెప్తాను. అది తెలిస్తే స్కోరు సంగతి దానంతటదే తెలుస్తుంది.

కొన్ని వైరస్‌ల మీద ఉండే ప్రోటీన్ పెట్టి ఉంచిన ఎలుకల బోను లాంటిది. స్ప్రింగ్ లాగి, కొక్కెం తగిలించి ఉంటుంది. మన కణాన్ని తాకగానే టప్పున పడుతుంది, ఆకారం పూర్తిగా మారిపోతుంది. ఒంట్లో పుట్టే యాంటీబాడీ వైరస్‌ని ఆపాలంటే బోను పడకముందు ఉన్న ఆకారాన్ని పట్టుకోవాలి. కానీ ఆ ప్రోటీన్‌ని విడిగా తయారుచేసి ట్యూబులో పోస్తే, దానంతట అదే పడిపోతుంది. అప్పుడు మనం ఎలుకకు ఇచ్చేది పడిపోయిన బోనుని.

దీనికి ప్రాణాలే పోయాయి. 1960లలో అమెరికాలో పసిపిల్లల ఊపిరితిత్తులను పట్టే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌కి ఫార్మాలిన్‌తో చంపిన టీకా ప్రయత్నించారు. టీకా వేసిన పసిపిల్లలకు తర్వాత నిజమైన వైరస్ సోకినప్పుడు జబ్బు తగ్గకపోగా ముదిరింది, ఇద్దరు చనిపోయారు. ఆ టీకాలో ప్రోటీన్ చాలావరకు పడిపోయిన ఆకారంలో ఉండడం కూడా ఒక కారణమని దశాబ్దాల తర్వాత తేలింది. 2013లో పడకముందు ఆకారాన్ని అణువుల స్థాయిలో చూశారు. ఆ బొమ్మ ముందు పెట్టుకుని, ఎక్కడ రెండు సిస్టీన్లు (ఒకదాన్నొకటి పట్టుకునే అమినో ఆమ్లాలు) పెడితే కుట్టు వేసినట్టు అవుతుంది, లోపల ఖాళీ గుంత ఎక్కడుంది, దాన్ని ఏ అమినో ఆమ్లంతో పూడ్చవచ్చు అని ఆలోచించి బోనుకి తాళం వేశారు. ఆ ఆకారం మీద కట్టిన టీకాలకు 2023లో అనుమతి వచ్చింది, పెద్దవాళ్లకూ గర్భిణులకూ. మధ్యలో ఎన్నేళ్లు పోయాయో చూశారుగా.

కోవిడ్‌లో ఇదే పని ప్రోలీన్ అనే అమినో ఆమ్లం రెండు చోట్ల పెట్టి చేశారు. స్పైక్, అంటే కోవిడ్ వైరస్ మీద ముల్లులా ఉండే ప్రోటీన్‌లో 986, 987 స్థానాల్లో ఉన్నవి తీసి ప్రోలీన్లు పెట్టారు. మోడర్నా, ఫైజర్ టీకాల్లో ఉన్నది ఆ స్పైకే. ప్రోలీనే ఎందుకంటే దాని ఉంగరం లాంటి నిర్మాణం వల్ల ప్రోటీన్ గొలుసు వెన్నెముక అక్కడ ఇష్టమొచ్చినట్టు తిరగలేదు. ఏ అమినో ఆమ్లం ఏ కోణాల్లో తిరగగలదో లెక్కగట్టి పటం గీసింది మన జి.ఎన్. రామచంద్రన్, 1963లో, మద్రాసులో. ఇప్పటికీ ప్రపంచంలో ఏ మోడల్ చేసినా ఆ పటంలో పెట్టి చూడకుండా వదలరు. నా పేరు ఇక్కడ ఎందుకు ఇలా పెట్టుకున్నానో అర్థమైందనుకుంటాను.

ఆ తర్వాత 2020లోనే ఇంకో గుంపు అదే స్పైక్ మీద వంద మార్పులు ప్రయత్నించింది. అందులో నెగ్గిన నాలుగింటిని పాత రెండింటికి కలిపి ఆరు ప్రోలీన్ల స్పైక్ చేశారు. పాతదానికంటే దాదాపు పది రెట్లు ప్రోటీన్ వచ్చింది. అదే ట్యాంకు, అదే కరెంటు బిల్లు, పది రెట్లు సరుకు. కాలమ్ దగ్గర నిలబడినవాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. కానీ అందులో ఇంకో సంగతి చూడండి. వందలో చాలావాటి వల్ల ఏ లాభమూ రాలేదు. ఇంత తెలిసినవాళ్లు, ఇంత మంచి బొమ్మ ముందు పెట్టుకుని చేస్తేనే! మీ ఒకటో ర్యాంకు పడిపోవడంలో వింతేముంది?

ఇక స్కోరు. సాధారణంగా అది చెప్పేది ఒక్కటే: ఈ అమినో ఆమ్లం ఇక్కడ పెడితే ఈ ఆకారం ఎంత హాయిగా కూర్చుంటుంది అని. కణం దాన్ని ఎంత తయారుచేస్తుందో చెప్పదు. దానికి చక్కెరలు ఎక్కడ అతుక్కుంటాయో, ఫ్రీజర్‌లోంచి తీశాక గడ్డకడుతుందో లేదో, ఎలుక దాన్ని ఎలా చూస్తుందో చెప్పదు. పెళ్లికి ముందు జాతకం చూసినట్టే. పొంతన 30 గుణాలు కుదిరిందంటే కాపురం కుదిరినట్టు కాదు. పైగా ఆ 40 డిజైన్లూ ఇప్పటికే వేలల్లోంచి ఏరినవి అయ్యుంటాయి. వాటి మధ్య స్కోరు తేడా లెక్కలో ఉండే పొరపాటుకన్నా చిన్నదైతే, ఒకటో ర్యాంకుకీ 31వ ర్యాంకుకీ తేడా లేనట్టే. ఎంసెట్ ర్యాంకులా చదవడమే మీ మీటింగ్‌లో జరిగిన మొదటి తప్పు.

కదలికలు కూడా లెక్కకట్టాం అంటారు వాళ్లు. అదీ చెప్తాను. అణువుల కదలికను రెండు ఫెమ్టోసెకన్ల అడుగులతో నడిపిస్తారు. ఒక్క మైక్రోసెకను చూడాలంటే 50 కోట్ల అడుగులు. అంటే సెకనులో పదిలక్షో వంతు కోసం మెషీన్ రోజుల తరబడి తిరుగుతుంది. మన టీకా ఏమో 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లో నెలలకు నెలలు కూర్చోవాలి. ఈ మధ్యలో ఉన్న అగాధాన్ని మీ ఎలుకలు, మీ ఫ్రిజ్ పూడుస్తున్నాయి.

రిటైర్డ్ సార్‌కి ఒక మాట. మన హైదరాబాద్‌దే, బయోలాజికల్ ఈ వాళ్ల కార్బెవాక్స్. 2022 మార్చిలో 12 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వేశారు, మా అన్న కొడుక్కీ వేయించాం. అందులో ఉన్నది స్పైక్‌లో ఒక ముక్క, ఈస్ట్‌లో పెంచింది. అమెరికాలో డిజైన్ చేసిన ఆ ముక్కలో ఆస్పరాజిన్ అనే ఒక అమినో ఆమ్లం తీసేశారు, అక్కడ ఈస్ట్ చక్కెరలు దట్టంగా అతికిస్తుంది కాబట్టి. ఒక సిస్టీన్‌ని మార్చారు, అది పక్క ముక్కని పట్టుకుని గడ్డకట్టిస్తుంది కాబట్టి. నిర్మాణం చూసి ఆలోచించిన పనే అది. మీ ఈస్టూ ఉంది, మా బొమ్మా ఉంది.

కంప్యూటర్‌లో డిజైన్ చేసి కట్టిందీ ఉంది. దక్షిణ కొరియాలో 2022 జూన్‌లో అనుమతి పొందిన కోవిడ్ టీకా స్కైకోవియోన్. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బేకర్ నడిపే ఇన్‌స్టిట్యూట్‌లో ప్రకృతిలో లేని ఒక బంతిని లెక్కగట్టి తయారుచేశారు, దాని మీద 60 స్పైక్ ముక్కలు గుచ్చారు. బేకర్‌కి 2024లో నోబెల్ వచ్చింది. కాబట్టి అన్నా, పీపీటీ దాటి బయటికి వచ్చింది.

ఇప్పుడు మీరు నాకు మూడు చెప్పండి. ప్లేట్ మీద కోటింగ్, అంటే సీరంలోని యాంటీబాడీలు పట్టుకోవడానికి అతికించే ప్రోటీన్, ఏది వేశారు? మీ పది డిజైన్ల చివర ఒకే తోక ఏదైనా ఉందా, మూడు ముక్కలని కలిపి పట్టుకోవడానికి పెట్టేది? ఒకటో ర్యాంకు ట్యూబుని ఎన్నిసార్లు కరిగించారు?

అమీర్‌పేట్_బాధితుడు:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాదీ ఇలాంటి గోలే. ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ కోసం ఒక ట్రైనింగ్ సెంటర్‌లో డబ్బు కట్టాను. 15 రోజుల్లో "వ్యాక్సిన్ డిజైన్" చేయించారు. వైరస్ ప్రోటీన్‌ని తొమ్మిదేసి అక్షరాల ముక్కలు చేసి, సర్వర్‌లో పెట్టి, మంచి మార్కులు వచ్చినవి పూసల్లా గుచ్చి, ఒక రిసెప్టార్ మీద డాక్ చేసి (కంప్యూటర్‌లో అతికించి చూసి), రంగుల బొమ్మ తీసి, సర్టిఫికెట్ ఇచ్చారు. మా బ్యాచ్‌లో 22 మందిమి, 22 వైరస్‌లు, 22 వ్యాక్సిన్‌లు! వైవాలో ఎగ్జామినర్ "బాబూ, దీన్ని ఎలుకకు ఎవరిచ్చారు" అని అడిగితే నోట మాట రాలేదు. నిజంగా అది పనికిరాని పనేనా పద్మక్కా?

ప్రోలీన్_పద్మ:

తమ్ముడూ, పనికిరానిది ఆ పద్ధతి కాదు, 15 రోజులకే ఆపేయడం. స్పైక్‌లో 1273 అమినో ఆమ్లాలు. తొమ్మిదేసి చొప్పున జరుపుకుంటూ పోతే 1265 ముక్కలు. అన్నిటినీ ల్యాబ్‌లో చూడలేం కాబట్టి, మన కణాల మీద ఉండి ఈ ముక్కలను రోగనిరోధక కణాలకు చూపించే హెచ్‌ఎల్‌ఏ పళ్లేల్లో ఏవి ఇముడుతాయో ముందే అంచనా వేయడం మంచి పనే. చిక్కు ఎక్కడంటే, ఆ పళ్లేలు మనిషి మనిషికీ మారతాయి. తెల్లవాళ్లలో ఎక్కువగా కనిపించే ఏ-02:01 అనే రకం మీద ప్రయోగాల డేటా కుప్పలు. మన దగ్గర ఏ-11:01, ఏ-24:02, ఏ-33:03 బాగా కనిపిస్తాయి. సర్వర్‌లో టిక్ పెట్టేముందు ఎవరి పళ్లెం ఎంచుకున్నావో చూసుకున్నావా? ఇంకోటి, మనుషుల హెచ్‌ఎల్‌ఏకి సరిపోయేలా గుచ్చిన పూసలదండని మామూలు బాల్బ్‌సీ ఎలుకకు ఇచ్చి పని చేయలేదు అనేవాళ్లనూ చూశాను. ఆ ఎలుక పళ్లెం వేరు, దానిది హెచ్-2డీ. మన తాళంచెవితో పక్కింటి తాళం తీసినట్టు.

కంప్యూటర్‌లో ఏరడం మొదలుపెట్టి చివరిదాకా నడిచినవాళ్లు ఎలా నడిచారో తెలుసా? మెనింగోకాకస్ బి అనే, మెదడు పొరల వాపు తెచ్చే బ్యాక్టీరియా. 2000లో దాని జీనోమ్ మొత్తం చదివి, పైన కనిపించేవి ఏవై ఉంటాయో కంప్యూటర్‌తో దాదాపు 600 ఏరారు. వాటిలో 350 దాకా ఈ.కోలై అనే ల్యాబ్ బ్యాక్టీరియాలో తయారుచేసి, ఎలుకలకు వేశారు. బ్యాక్టీరియాని చంపగల యాంటీబాడీలు పుట్టించినవి 28. చివరికి టీకాలోకి ఎక్కినవి ముఖ్యంగా మూడు, తోడుగా బ్యాక్టీరియా పైపొర. యూరప్‌లో అనుమతి వచ్చింది 2013లో. రినో రాప్పుయోలీ బృందం పని అది. 350 ప్రోటీన్లకు ఎన్ని ఎలుకలు, ఎన్ని ప్లేట్లు అయ్యుంటాయో అన్నని అడుగు, లెక్కచెప్తాడు.

యానిమల్‌హౌస్_అన్న:

350 ప్రోటీన్లా! గ్రూపుకు ఆరు అనుకున్నా 2100 ఎలుకలు, కంట్రోల్స్ వేరే. నా వల్ల కాదు తల్లీ.

మేడమ్, మీ ప్రశ్నలు చదివి రాత్రి నిద్రపట్టలేదు. కోటింగ్ వేసింది మా పాత ప్రోటీన్‌తో, తాళం వేయనిది. ఫ్రిజ్‌లో ఏడాదిగా ఉంది. అది పడిపోయిన బోనే అయ్యుంటుంది కదా? తోక కూడా ఉంది, పదింటికీ ఒకటే, పాతదానికీ అదే. ఒకటో నంబరు ట్యూబు రెండుసార్లు కరిగింది. రెండోసారి తీసినప్పుడు వెలుగులో పట్టుకుంటే పిండి రాలినట్టు సన్నగా తెల్లటి నలకలు కనిపించాయి. రిజిస్టర్‌లో రాశాను, ఎవరూ చదవలేదు. నేనూ నోటితో చెప్పలేదు, అది నా తప్పే.

ప్రోలీన్_పద్మ:

అయితే అన్నా, మీ 1:51200 మీద నాకు అనుమానం. ఆ తోక వైరస్‌ది కాదు. చాలామంది వాడేది ఒక బ్యాక్టీరియోఫేజ్ నుంచి తీసుకున్న ముక్క. ఎలుక దాని మీద కూడా యాంటీబాడీలు బాగా చేస్తుంది. 31వ డిజైన్ ఒళ్లు విప్పుకుపోయి తోక బయటికి తేలితే, ఎలుకకు తోకే ఎక్కువ కనిపించి ఉంటుంది. ప్లేట్ మీదా అదే తోక. మీరు కొలిచింది తోకనేమో. వేరే ఏదైనా ప్రోటీన్‌కి ఇదే తోక ఉన్నది దొరికితే, దానితో ఒక ప్లేట్ కోట్ చేసి అదే సీరం పెట్టి చూడండి. ఒకటో నంబరుని ఎలుకకు మళ్లీ ఇచ్చేముందు సైజు కాలమ్ (పెద్ద గడ్డలు ముందు, చిన్నవి తర్వాత బయటికి వచ్చేది) మీద నడిపించమనండి. ఆ తర్వాత అసలైన పరీక్ష న్యూట్రలైజేషన్, సీరం వైరస్‌ని ఆపిందా లేదా అని. మిగతావన్నీ దాని ముందు మర్యాదలే.

పాప గురించి. బైపీసీ మంచిదే, కానీ లెక్కలు వదలొద్దని చెప్పండి. గచ్చిబౌలి ట్రిపుల్ఐటీలో కంప్యూటేషనల్ నేచురల్ సైన్సెస్ చదువుతున్న పిల్లలను చూశాను, వాళ్ల కష్టమంతా లెక్కల్లోనే. సెలవుల్లో పైథాన్ మొదలుపెట్టమనండి. ఒక ప్రోటీన్ ఫైల్ తెరిచి రామచంద్రన్ పటం గీయగలిగితే నాకు మెసేజ్ పెట్టమనండి. ముందు ఒకరోజు మీతో తీసుకెళ్లి ప్లేట్ చూపించండి, లోపలికి రానిస్తే.

యానిమల్‌హౌస్_అన్న:

నెల తర్వాత వస్తున్నాను, ఏమనుకోకండి.

తోక ప్లేట్ పెట్టాను. 31వ డిజైన్ సీరం ఒట్టి తోక మీదే 1:25600 దాకా వెళ్లింది. నాకు నవ్వొచ్చిన హీరో కథ అక్కడితో అయిపోయింది. ఒకటో నంబరుని కాలమ్ మీద నడిపిస్తే సగానికి పైగా గడ్డలే, ముందే బయటికి వచ్చేసింది. తాజాగా చేసినదాన్ని నడిపిస్తే ఒకే శిఖరం, శుభ్రంగా. అంటే డిజైన్‌ది కాదు తప్పు, ఫ్రీజర్‌ది. ఆ మాట స్కోరులో లేదు. నా రిజిస్టర్‌లో ఉంది. ఆరో ర్యాంకుకి తోక మీద దాదాపు ఏమీ లేదు, ఉన్న టైటరంతా ప్రోటీన్ మీదే. న్యూట్రలైజేషన్‌కి పంపిన వాటిలో ఇప్పటికి ముందున్నది అదే, ఒకటో నంబరుని మాత్రం కొత్తగా చేసి మళ్లీ ఎలుకలకు వేస్తున్నాం.

ఈసారి మీటింగ్‌లో ఆ నలుగురిలో చిన్నవాడు లేచి "ర్యాంకులు తీసేద్దాం, మూడు గుంపులుగా పెడదాం, కరిగించి చూసిన ఫలితం కూడా పట్టికలో చేరుద్దాం" అన్నాడు. ఎలుకల సంఖ్య తగ్గించే మాట ఇంకా అలాగే ఉంది, అది పైవాళ్ల సంగతి. ఆ పిల్లాడు మొన్న బ్లీడ్ రోజు యానిమల్ హౌస్‌కి వస్తానన్నాడు. గౌను, మాస్కు, టోపీ అన్నీ వేయించి తీసుకెళ్లాను. రెండో ఎలుక దగ్గరే గోడ పట్టుకున్నాడు. బయటికి తెచ్చి కూర్చోబెట్టి, క్యాంటీన్‌లో టీ తాగించి పంపాను. సాయంత్రం తన స్క్రీన్ మీద ఆరో నంబరుని తిప్పి తిప్పి చూపించాడు. తాళం ఎక్కడేశారో చూశాను, ఎర్రగా రంగు వేసి పెట్టాడు.

ఆరో నంబరుని మాత్రం వచ్చిన రోజే ఎనిమిది చిన్న ట్యూబుల్లో పోసి పెట్టించాను, ఏదీ రెండోసారి కరగకుండా.